మూడో బెడ్డు నాటకం

ఉదయం ఏడు దాటింది. రాజీ మూడో బెడ్డు కింద రెండోసారి తుడుస్తోంది. మానుకోట దవాఖానలోని ఈ డయాలసిస్ గదిలో ఐదు బెడ్లున్నాయి గాని మూడోదాని కింద ఉన్నంత శుభ్రం మరెక్కడా ఉండదు. నర్సు అది చూసి మెచ్చుకునేది. ఆ బెడ్డు మీద నాలుగు గంటలు కదలకుండా పడుకునే భూపాల్ పటేల్ ఫోను దిండు మీద పెట్టి డిటెక్టివ్ నాటకం వినిపిస్తాడనీ, అది నడిచే నలభై నిమిషాలూ రాజీ తుడుపుకర్ర అక్కణ్ణించి కదలదనీ నర్సుకు ఇంకా తెలియదు.

నాటకం నూటముప్పై ఏళ్ల కిందటి లండన్‌లో జరుగుతుంది. మాటలు తెలుగులోనే ఉంటాయి. ఒక్కొక్కరికి ఒక్కో గొంతు. గుర్రబ్బండి చక్రాలు రాళ్ల మీద దొర్లుతాయి, వాన పడుతుంది, ఎవరో మెట్లెక్కి వచ్చి తలుపు ముందు ఆగిపోతారు. చూడ్డానికేమీ లేకపోవడమే రాజీకి నచ్చింది. డిటెక్టివుకు తన మేనమామ ముఖం పెట్టుకుంది. లండన్ పొగమంచుకు గూడూరు అడవి అంచున ఉన్న తమ తండా మంచు సరిపోయింది.

ఆ డిటెక్టివ్ మనుషుల బూట్లు చూసి వాళ్ల గుట్టు చెబుతాడు. పటేల్ ఆశ్చర్యపోయాడు గాని రాజీ పోలేదు. ఊడ్చేవాళ్లకు మనుషులు ముందు పాదాలుగానే కనిపిస్తారు. ఒకరోజు పటేల్ పాదాలు చూసి అంది:

"రాత్రి మామిడికాయ తొక్కు తిన్నవ్ పటేలా. ఉప్పుకు కాళ్లు ఉబ్బినయ్."

"ఎవ్వరు చెప్పిన్రే? మా ఇంటామె రాజమణి ఫోన్ చేసిందా?"

"ఎవ్వరూ చెప్పలే. ఇంక మీసానికే ఉన్నది."

నాటకం మొత్తం ఆరు భాగాలు. పటేల్ వచ్చే సోమ, బుధ, శుక్రవారాల్లో ఒక్కోటి. ఎవరూ ముందుగా వినకూడదని ఒప్పందం. తన రక్తం తిరుగుతున్న మిషన్ మీద చెయ్యి పెట్టి పటేల్ ఒట్టు కూడా వేశాడు. కథలో పెద్ద బంగళా యజమానిని ఎవరో చంపారు. ఆ ఇంట్లో కోటు తొడుక్కుని వెండి పళ్లెం మోసే బట్లర్ ఒకడున్నాడు. పటేల్‌కు వాడు మొదటి రోజు నుంచీ ఊళ్లో పాలేరులాంటి జీతగాడే.

"చంపింది జీతగాడే. ఇంట్ల తిరిగేటోనికే ఇనుప్పెట్టె ఏడుందో తెలుస్తది."

"జీతగానికి చంపేంత పుర్సత్ ఏడిది పటేలా? పొద్దుందాక గిన్నెలు తోముడే అయిపాయె. చంపింది సచ్చినోని తమ్ముడు. ఆ ఇంట్ల పనిలేనోడు ఆయనొక్కడే."

"ఎవడు చంపితేంది గని," ఆటో నడిపే చాంద్యా రెండో బెడ్డు మీంచి అడ్డం పడేవాడు, "జర సౌండ్ పెంచున్రి."

రాజీ నాయిన జాల్యా ఒక ఆసామి ఇంట్లో పద్నాలుగేళ్లు జీతం ఉన్నాడు. ఒకనాడు ఆ ఇంట్లో వెండి కడియం కనిపించలేదు. జాల్యాను మూడు రోజులు పశువుల కొట్టం ముందు కూర్చోబెట్టారు. నాలుగో రోజు కడియం బియ్యం గుమ్మిలో దొరికింది. మళ్లీ పనిలోకి రమ్మన్నారు. 'నువ్వు కాదు' అనే మాట మాత్రం ఎవరూ అనలేదు. జాల్యా బతికినన్నాళ్లూ ఎవరింటికి పోయినా రెండు చేతులూ అందరికీ కనిపించేలా మోకాళ్ల మీద పెట్టుకుని కూర్చునేవాడు.

ఆ ఆసామీ ఒక పటేలే గాని, భూపాల్ పటేల్‌కు చుట్టం కూడా కాదు. అయినా, 'జీతగాడు కాదు' అనే మాట ఒక పటేల్ నోటి నుంచి, నలుగురూ వినేలా, ఒక్కసారి రావాలని రాజీ కోరిక. అది లండన్ జీతగాడి గురించైనా సరే.

ఈ సోమవారం ఆరో భాగం. ఎనిమిదైంది. పటేల్ రాలేదు.

రాజీ ఆధారాలు చూసుకుంది. పటేల్ ఊరు దంతాలపల్లి దిక్కు వాన పడిందేమో. కానీ అటు నుంచే వచ్చిన చాంద్యా చెప్పులకు బురద లేదు. బస్సు చెడిపోయిందా అంటే, చాంద్యా దిగిందే ఆ బస్సులోంచి. ఇక మిగిలింది ఒక్కటే.

"విన్నడు," అంది తుడుపుకర్ర గోడకు ఆనించి. "ముందుగాలనే విన్నడు. ఓడిపోయిండు. మొహం చూపెట్ట శాతగాక ఇంట్ల కూసున్నడు."

"మిషన్ మీద ఒట్టేసిండు గదా అక్కా?" అన్నాడు చాంద్యా.

"గదే సాక్ష్యం. వినకుండ ఉండేటోనికి ఒట్టెందుకు?"

రాని పేషెంట్లకు ఫోన్ చేయడం టెక్నీషియన్ శ్యాం పని. చేశాడు. కాసేపు వింటూ గోడ గడియారం వైపు చూశాడు. తర్వాత ఫోను రాజీకి అందించాడు.

"పటేల్ భార్య. నీతోని మాట్లాడుతదట."

రాజమణి గొంతు మామూలుగానే ఉంది. రెండు రోజులు ఏడ్చిన గొంతు మూడో రోజు అలాగే ఉంటుంది.

"శనివారం పొద్దుగాల లేవలేదు రాజీ. నిద్రలనే పోయిండు. శుక్రవారం ఇంటికొచ్చి, గా నాటకం ఆకరిది పెట్టుకున్నడు. ఒట్టేసినవ్ గదా అంటే నా మాట ఇనలే. అంతా విని ఒక్కడే నవ్విండు. జీతగాడు కాదటనే, తమ్ముడేనట, రాజీ చెప్పిందే నిజమాయె అన్నడు. సోమవారం పోతే అది నన్ను బతకనియ్యదన్నడు."

రాజీకి లోపల్నించి మొదట వచ్చింది నవ్వు. దాన్ని ఆపడానికి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత కొంగు అక్కడే ఉండిపోయింది.

"గా మాట అన్నప్పుడు ఇంకెవరున్నరమ్మా?"

"నేనున్న. పక్కింటి విజయ ఉన్నది. ఎందుకే?"

"ఊకనే అమ్మా."

ఫోను తిరిగి ఇచ్చేసింది. చాంద్యా మెడ ఎత్తి చూస్తున్నాడు.

"ఏమాయె అక్కా? గెలిచినవా?"

"గెలిచిన," అంది రాజీ. "పటేల్ ఇగ రాడు."

చాంద్యా మెడ మళ్లీ దిండు మీదికి దించాడు. ఆ గదిలో 'రాడు' అంటే ఇంకేమీ అడగరు.

తొమ్మిదికి మూడో బెడ్డుకు కొత్త పేరు రాశారు. రాజీ దుప్పటి మార్చింది, దిండు దులిపింది, బెడ్డు కింద మిగతా నాలుగింటి కింద తుడిచినంతే తుడిచింది. శుక్రవారం పటేల్ మరచిపోతే ఆమే తీసి పెట్టిన అర లీటరు సీసా కిటికీలో ఉంది: రోజుకు ఇన్నే తాగాలని రాజమణి గోళ్లరంగుతో గీసిన ఎర్ర గీత, దానికి వేలెడు కింద, ఎండ తగులుతూ, తాగకుండా మిగిలిన నీళ్లు.