తరుగు

కాటా పలక మీదికెక్కి, గుండును అరవై రెండు కేజీల గీత దగ్గరికి జరిపి, కడ్డీ కొన గాలిలో తేలడం కోసం ఎదురుచూశాడు ముసలాయన. ముప్పై నాలుగేళ్ళుగా ఆ పిండి గిడ్డంగిలో ప్రతి ఉదయం మొదటి బరువు ఆయనే. చెప్పులు విడిచి, జేబులు ఖాళీ చేసి, ఊపిరి బిగబట్టి నిలబడితే కడ్డీ సరిసమంగా ఆగాలి. ఆగితే కాటా మంచిది. ఆగకపోతే కాటాకి జబ్బు చేసినట్టు. తేడా మనిషిలో ఉండవచ్చన్న అనుమానం ఆయనకి ఎన్నడూ రాలేదు. జ్వరం తగిలిన వారమైనా, భార్య పోయిన ఏడాదైనా, అరవై రెండంటే అరవై రెండే. అందుకే అందరూ ఆయన్ని కాటా తాత అనేవారు.

ఆ రోజు కడ్డీ కొన కిందికి వాలిపోయింది. గుండును కొంచెం కొంచెంగా వెనక్కి జరుపుతూ పోతే అరవై ఒకటిన్నర దగ్గర తేలింది.

"వయసు మీద పడింది దీనికి," అని కాటాని తిట్టి, పక్కనున్న కాటా సరిచేసే మరను పావు చుట్టు తిప్పి మళ్ళీ ఎక్కాడు. అరవై రెండు. చెప్పులు తొడుక్కుని పనిలో పడ్డాడు.

ఆయన పొడుగూ కాదు, పొట్టీ కాదు. కుడి భుజం ఎడమ భుజం కన్నా రెండు వేళ్ళు కిందికి ఉంటుంది, గుండు జరిపీ జరిపీ. కనుబొమల్లో, చెవుల మడతల్లో, మెడ ముడతల్లో పిండి. జుట్టు ఎప్పుడు నెరిసిందో ఇంట్లోవాళ్ళకి కూడా తెలియదు. పిండి ఆ పని ముందే చేసిపెట్టింది. బస్తాని కంటితో చూసి బరువు చెప్పగలడు. మనుషుల్ని కూడా అలాగే చూసేవాడు. ఎవరి మాట ఎంత తూగుతుందో, ఎవరిది ఎంత పొల్లో పైకి చెప్పేవాడు కాదు కానీ తప్పేవాడు కాదు.

తొమ్మిది గంటలకి మనవరాలు ఇద్దరు స్నేహితురాళ్ళతో వచ్చింది. ఒకామె పాడే పిల్ల, రెండో ఆమె కెమెరా పట్టే పొడుగు పిల్ల. సినిమా తియ్యడం నేర్పే కాలేజీలో ముగ్గురిదీ ఆఖరి ఏడు. నాలుగు నిమిషాల పాట ఒకటి తీసి మర్నాడు పొద్దున్నకి అప్పగించాలి. కెమెరా కాలేజీది, సాయంత్రం అయిదు లోపల తిరిగి ఇచ్చెయ్యాలి. మూడు వారాల కిందట ఇంట్లో దీని మీద పెద్ద రభస జరిగింది.

"పాటలు తీసుకుంటూ బతికినవాళ్ళని ఎవర్ని చూశావే నువ్వు? ఇదొక్కటి తప్పావా, పుస్తకాలు కట్టిపెట్టి నాతో కొట్లో కూర్చోవాలి," అన్నాడు ఆమె తండ్రి. ముసలాయన కొడుకే. అన్నాడంటే అన్నంత పనీ చేసే రకం.

ముసలాయన కంచం ముందు నుంచి తల ఎత్తకుండానే, "తప్పదులే. నేను పూచీ," అన్నాడు.

పూచీ పడడానికి నోరు చాలు. మొయ్యడానికి నడుం కావాలి. ఆ సంగతి తెలిసినవాడు గనక ఎవరికీ ఎప్పుడూ పడలేదు. ఇదే మొదటిది. మర్నాడే యజమాని దగ్గరికి వెళ్ళి, గిడ్డంగిలో పాట తీసుకోవడానికి ఒక్కరోజు అడిగాడు. ముప్పై నాలుగేళ్ళలో అడిగినదీ అదే మొదటిది కావడంతో, యజమాని ఆశ్చర్యపోయి ఒప్పుకున్నాడు.

ఆ తరవాత రెండు వారాలు మనవరాలు ఇంట్లో నోటుపుస్తకంలో గళ్ళు గీసుకుంటూ నేల మీదే కూర్చుంది. ఆయన వంగి చూసి, "ఏంటమ్మా, బస్తాల వరసలా?" అన్నాడు.

"కాదు తాతా. ఒక్కో గడీ ఒక్కో షాటు."

"అలాగైతే ఈ గడీ ముందు తియ్యి. నాలుగో వరసలోకి వెలుగు పదింటికి దిగుతుంది, పన్నెండుకల్లా ఎక్కిపోతుంది."

ఆ పిల్ల గబగబా కొట్టేసి మళ్ళీ గీసింది. అలా ఆ పాటలో ఆయన చెయ్యి కూడా పడింది.

ఇప్పుడు గిడ్డంగిలో హమాలీలని చుట్టూ నిలబెట్టి మనవరాలు పని వివరించింది. "ఈ అమ్మాయి వెనక్కి నడుస్తూ పాడుతుంది బాబాయ్. మీరు మామూలుగా మీ పని చేసుకోండి. తరవాత నేను బొమ్మంతా తిరగేస్తా. అప్పుడు ఈమె ముందుకి నడుస్తుంది, మీరంతా వెనక్కి పోతారు."

"మేం వెనక్కా?" అన్నాడు పొట్టి హమాలీ. "ముందుకి పోవడానికే మోకాళ్ళు మొరాయిస్తున్నాయి తల్లీ."

అందరూ నవ్వారు. అప్పుడు పొడుగు పిల్ల స్పీకరులో పాట పెట్టింది.

పాటని కూడా తిరగేసి ఉంచారు. ప్రతి మాటా తోక నుంచి మొదలై తల దగ్గర తెగుతోంది. పాడే గొంతు ఊపిరి వదలడం లేదు, లోపలికి పీల్చుకుంటోంది. పన్నెండు రోజులు కూర్చుని ఆ పిల్ల దాన్ని అలాగే బట్టీ పట్టింది. ఎత్తయిన కప్పు కింద ఆ గొంతు బస్తాలకి తగిలి నాలుగు వైపుల నుంచీ తిరిగొస్తుంటే నవ్వులు ఆగిపోయాయి.

"ఇది పాటా, పూనకమా?" అని గొణిగాడు పొట్టి హమాలీ. పక్కకి చూస్తే కాటా తాత పెదాలు కదుపుతున్నాడు. "ఏంటి పెద్దాయనా, నీకు అర్థమవుతోందా?"

"లేదు. ఎక్కడో విన్నట్టుంది," అన్నాడాయన.

మొదటి షాటు అయ్యాక చిన్న తెర చుట్టూ మూగారు. తిరగేసిన బొమ్మలో కాటా మీది బస్తా దానంతట అదే ఎగిరి హమాలీ భుజం ఎక్కింది. నేల మీద పరుచుకున్న పిండి పొగలా లేచి చిరుగులోకి దూరింది. మనుషులంతా తాళ్ళు కట్టి లాగినట్టు, మడమలు ముందుగా, చూపు లేకుండా వెనక్కి పోతున్నారు. వాళ్ళ మధ్య నుంచి పాడే పిల్ల ఒక్కతే ముందుకి నడిచి వస్తోంది.

ఒక్కతే కాదు. ఆమె వెనక ఆరడుగుల దూరంలో కాటా తాత కూడా ముందుకే వస్తున్నాడు.

పాడే పిల్ల రెండు చేతులూ రుద్దుకుంది. "మీరు నాతో నడిచినట్టు నాకు తెలియనే తెలియదు తాతగారూ."

"రివర్సు రివర్సు అన్నారుగా. అందరూ వెనక్కి నడవాలేమో అనుకున్నా," అన్నాడాయన, తప్పు చేసినవాడిలా. "చెడగొట్టానా?"

"వెనక కళ్ళున్నాయా మీకు? ఒక్క బస్తాకీ తగల్లేదు," అంది పొడుగు పిల్ల.

మనవరాలు తెర మీంచి కళ్ళు తిప్పలేదు. మళ్ళీ వేసింది. మళ్ళీ చూసింది. "మిగతా అందరూ పోయినవాళ్ళలా ఉన్నారు. తాత ఒక్కడే బతికున్నట్టున్నాడు," అంది నెమ్మదిగా. పుస్తకం తీసి చివరి గడీలో ఉన్న బొమ్మ కొట్టేసి, ఒక కుర్చీ, ఒక ముసలి మనిషి గీసింది.

పదకొండు గంటలకి మిల్లు సరుకు వచ్చింది. మిల్లువాళ్ళు సీలు వేసిన బస్తా యాభై కేజీలు; తరాలు మారినా అది మారదు. కాటా మీద పెడితే యాభైన్నర చూపించింది. ఆయన కడ్డీ వంక చూశాడు. ఇంకో బస్తా వేయించాడు. యాభైన్నర. మూడోదీ అంతే.

మిల్లుకి తప్పు లేదు. అంటే పొద్దున్న కాటాకి కూడా తప్పు లేదు.

ఎవరూ చూడకుండా మరను పావు చుట్టు వెనక్కి తిప్పాడు. పొద్దుటి నుంచి తూచిన పదకొండు బస్తాల్ని మళ్ళీ తూచాలన్నాడు. పొట్టి హమాలీ నోరెళ్ళబెట్టాడు. "నువ్వా పెద్దాయనా, తప్పు తూచింది?"

"ఊ. ఎత్తు."

అందరూ భోజనానికి పోయాక చెప్పులు విడిచి మళ్ళీ పలక ఎక్కాడు. గుండు అరవై ఒకటి దగ్గర ఆగింది. పొద్దుటి నుంచి అరకేజీ. సరుకు నిలవ ఉంటే తరుగు పోతుంది. తేమ ఆరుతుంది, ఎలుక కొడుతుంది, సంచి కారుతుంది. దేనికైనా ఒక కారణం ఉంటుంది. తన చేతుల్ని, పొట్టని, పాదాల్ని చూసుకున్నాడు. ఎక్కడి నుంచి కారుతోందో కనపడలేదు. నొప్పి లేదు. ఆకలి కూడా లేదు. ఆయనకి భయం కన్నా లెక్క తేలకపోవడమే ఎక్కువ బాధగా ఉంది.

"తాతా, తిన్నావా?" అని మనవరాలు వచ్చింది.

"ఆఁ. ఇంకా ఎంతుంది నీ పని?"

"మిగతావన్నీ అయిపోయాయి. ఒక్కటే ఉంది. అది నీదే." ఆ పిల్ల మొహం అదోలా ఉంది. "అది సరిగ్గా రాకపోతే పాటకి చివర లేనట్టే తాతా. అయిదింటికి కెమెరా పోతుంది."

"రాకేం? చెప్పు."

"నువ్వు తలుపు దగ్గర, వెలుగులో నుంచోవాలి. కెమెరా వైపు చూస్తూ వెనక్కి వెనక్కి నడిచి, లోపల చీకట్లో ఉన్న కుర్చీలో కూర్చోవాలి. తల వెనక్కి వాల్చి కళ్ళు మూసుకో. నేను కట్ అనేదాకా కదలకూడదు. తిరగేస్తే, నువ్వు నిద్ర లేచి వెలుగులోకి నడిచొచ్చినట్టు ఉంటుంది."

నాలుగు దాటింది. చివరి లోడు బరువు రాయడానికి ఆయన పెన్సిలు మొన నాలికతో తడిపేసరికి పిలుపు వచ్చింది. "వచ్చి రాస్తాను," అని పొట్టి హమాలీతో చెప్పి, పెన్సిలు కుర్చీ పక్కనున్న బస్తా మీద పెట్టి తలుపు దగ్గరికి వెళ్ళాడు.

స్పీకరులో పాట మొదలైంది. ఆయన వెనక్కి నడిచాడు. తడుముకోలేదు, తల తిప్పలేదు. వెలుగు ముందు మోకాళ్ళ నుంచి, తరవాత ఛాతీ నుంచి, చివరికి మొహం మీంచి తప్పుకుంది. ఎన్నో ఏళ్ళ పిండి పరుచుకున్న నేల మీద అడుగుల చప్పుడు లేదు. మడమ కుర్చీకి తగలకుండానే కూర్చున్నాడు. తల వాల్చాడు. ఒక్కసారి మనవరాలి వైపు చూసి, కళ్ళు మూసుకున్నాడు.

పాట అయిపోయింది. మనవరాలు కట్ అనలేదు. ఆ నిశ్చలత ఆమెకి నచ్చింది. ఇంకాస్త, ఇంకాస్త అనుకుంటూ లోలోపల ముప్పై లెక్కపెట్టింది.

"కట్! తాతా, అదిరిపోయింది!"

ఆయన కదలలేదు. పాడే పిల్ల చప్పట్లు కొట్టింది. పొట్టి హమాలీ నవ్వుతూ దగ్గరికి వెళ్ళాడు. "పెద్దాయనా, అయిపోయిందట. ఇంకా ఏం యాక్టింగు, లే." భుజం మీద చెయ్యి వేశాడు. చెయ్యి వెంటనే తియ్యలేదు. కాసేపటికి వెనక్కి తిరిగి, "అమ్మా, ఆ పాట మళ్ళీ పెట్టకండి," అన్నాడు.

పక్క వీధి డాక్టరు వచ్చి చూసి, కూర్చున్న క్షణంలోనే పోయి ఉంటాడన్నాడు. ముగ్గురు మోసేందుకు వచ్చారు గానీ పొట్టి హమాలీ ఒక్కడే ఎత్తుకుని బండి దాకా నడిచాడు. బరువు గురించి ఎవరితోనూ ఒక్క మాట అనలేదు.

దీపాలు పెట్టే వేళకి మనవరాలు వెనక గదిలో, మూసిన లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. తండ్రి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"నేను ఇవ్వను నాన్నా. తప్పితే తప్పాను. రేపట్నుంచి కొట్టుకి వస్తా."

ఆయన వచ్చి పక్కన నేల మీద కూర్చున్నాడు. "ఏది, చూపించు."

తిరగేసిన బొమ్మ మొదలైంది. చాలాసేపు ఏమీ జరగలేదు. చీకట్లో ఒక మనిషి, వాలిన తల. తండ్రి ఊపిరి బరువుగా వినిపిస్తోంది. అప్పుడు పాట అందుకుంది, ఈసారి తిన్నగా, ప్రతి మాటా తెలిసేట్టు. కుర్చీలోని మనిషి కళ్ళు తెరిచాడు. ఎటూ చూడకుండా నేరుగా వాళ్ళనే చూశాడు. తల ఎత్తి, లేచి నిలబడి, అడుగులో అడుగు వేసుకుంటూ వాళ్ళవైపు రాసాగాడు. వెలుగు ముందు మొహం మీదికి, తరవాత ఛాతీ మీదికి, మోకాళ్ళ మీదికి దిగింది. తెర నిండిపోయేంత దగ్గరికి వచ్చాడు.

తండ్రి చటుక్కున పక్కకి జరిగి దారి ఇచ్చాడు.

తెర ఖాళీ అయింది. ఇద్దరూ వెనక్కి తిరిగి గుమ్మం వైపు చూశారు, ఒకళ్ళకి తెలియకుండా ఒకళ్ళు.

"పొద్దున్నే పట్టుకెళ్ళి ఇచ్చెయ్," అన్నాడు తండ్రి. "నాన్న పూచీ పడ్డాడు కదే."

మర్నాడు గిడ్డంగి తెరిచింది పొట్టి హమాలీ. చివరి లోడు బరువు రాయకుండా మిగిలిపోయింది కదా అని లోపలికి వెళ్ళాడు. కుర్చీ పక్కన బస్తా మీద, పెట్టినది పెట్టినట్టే పెన్సిలు ఉంది. రాత్రంతా రాలిన పిండి బస్తా మీద సన్నటి పొరలా పరుచుకుంది గానీ పెన్సిలు మీద లేదు. తీసుకోబోయి చెయ్యి ఆపుకున్నాడు: దాని మొన ఇంకా తడిగా మెరుస్తోంది.