రెండు నెలల మెడ బెల్టు

బండి గుంతలో పడిన రోజు నడిపింది బావమరిది, వెనక కూర్చున్నది దర్జీ. మెడ పట్టేసింది. పది రోజులు బెల్టు పెట్టుకోమన్నాడు డాక్టరు. దర్జీ రెండు నెలలు పెట్టుకున్నాడు. పోయిన భార్యకు తమ్ముడే అయినా, అతన్ని తేలిగ్గా వదలదలుచుకోలేదు. మెడకు బెల్టు కనపడినన్నాళ్లూ బావమరిది పొద్దున్నే వచ్చి, నోరెత్తకుండా దుకాణంలో ఇస్త్రీ చేసిపోతున్నాడు.

ఆ రోజు డాక్టరు బెల్టు విప్పి, మెడ నొక్కి చూసి విసుక్కున్నాడు.

"పది రోజులన్నానా లేదా? తలను బెల్టే మోస్తుంటే మెడకేం పని? కండరాల్లో బలం పోయింది. ఇంకో నెల ఇలాగే ఉంటే మిషను మీదికి వంగలేవు. ఇవాళ్టితో తీసెయ్, చెప్పిన వ్యాయామం చెయ్."

కుట్టుపని పోతే తిండి లేదు. దర్జీ బెల్టు లేకుండానే దుకాణానికి వచ్చాడు. తల నిండు బిందెలా బరువుగా ఉంది.

బావమరిది ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి లేచాడు.

"హమ్మయ్య, తీసేశావా బావా! రెండు నెలల్నుంచీ నిన్ను చూస్తుంటే నాకే మెడ పట్టేస్తోంది."

"తీసేశా. రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు."

"కోపం పోయిందా?"

"పోలేదు."

"అయితే వస్తాలే. ఇంట్లో ఊరికే కూర్చుంటే మీ చెల్లెలు నన్ను ఉతికి ఆరేస్తుంది."

దర్జీ వద్దని తల అడ్డంగా ఊపబోయాడు. మెడ తిరగలేదు. నోటితో చెప్పే ఓపిక లేక మిషను ముందు కూలబడ్డాడు. బావమరిది మళ్లీ ఇస్త్రీపెట్టె అందుకున్నాడు.