పులిసిపోయిన ట్యాంకు

పేడనీళ్లు బయటికొచ్చే తొట్టి దగ్గర వంగగానే పుల్లటి కంపు శ్రీకళ ముక్కుకు కొట్టింది. బాగా నడుస్తున్న గోబర్‌గ్యాస్ ట్యాంకు నుంచి ఆ వాసన రాదు. నీలి లిట్మస్ కాగితం ముంచితే ఎర్రబడింది.

బాటసింగారంలోని ఆ గేదెల డెయిరీ ఆమె అన్న ఉపేందర్‌ది. ట్యాంకు బాధ్యత మాత్రం మైక్రోబయాలజీ చదివిన శ్రీకళది. రోజూ కొత్తపేట నుంచి ఎల్బీనగర్ ట్రాఫిక్‌లో పడి స్కూటీ మీద వచ్చి, ఈనిన గేదెను చూసుకున్నట్టు చూసుకునేది. గాలి తగలని ఆ చీకట్లో ఒక రకం సూక్ష్మజీవులు పేడను పులియబెడితే, ఇంకో రకం ఆ పులుపును తిని మండే గ్యాస్ చేస్తాయి. మొదటివి తొందరపాటువి, రెండోవి నిదానం. తియ్యటిదేదైనా కుప్పలుగా పోస్తే పులుపు పెరిగిపోయి నిదానంగా ఉండేవి చచ్చిపోతాయి. ఈ సంగతి అన్నకు ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు.

ఏం వేశారని పాలు పితికే అండాలమ్మను అడిగింది. శ్రీకళ పోచంపల్లి పెళ్లికి వెళ్లినప్పుడు పండ్ల మార్కెట్ నుంచి కుళ్లిన బొప్పాయిలు, సపోటాలు ట్రాలీ నిండా తెప్పించి పోయించాడట ఉపేందర్. అప్పటి నుంచి, ఆ ట్యాంకు గ్యాస్‌తోనే వండుకునే అండాలమ్మ ఇంట్లో పొయ్యి వెలగలేదు. కట్టెల పొగకు దగ్గుతూ వండుకుంటోంది.

"నువ్వేదో మందు కలిపినవంట గదమ్మా. దాంతోనే ఖరాబైందని ఉపేందర్ పటేలు చెప్పిండు," అంది అండాలమ్మ.

శ్రీకళకు ఒళ్లు మండిపోయింది. నేరుగా పాల క్యాన్ల దగ్గరున్న అన్న ముందుకెళ్లి నిలబడింది.

"పండ్లెందుకు పోసినవన్నా?"

ఉపేందర్ ఫోన్ మీంచి తల ఎత్తలేదు. "ఎక్కువేస్తే ఎక్కువ గ్యాస్ ఒస్తదనుకున్న. పురుగులే గదనే, ఇంకో బకెట్ పేడెయ్యి, అవే పుడ్తయ్."

ట్యాంకు కోలుకోడానికి వారాలు పడుతుందని, నలుగురికీ చూపడానికి అతను ఆదివారం పెట్టుకున్న ట్యాంకు ప్రారంభోత్సవం ఆపమని చెప్పింది. ఫ్లెక్సీలు కట్టించానని, చుట్టుపక్కల డెయిరీల వాళ్లంతా వస్తున్నారని, ఆ రోజు నోరు మూసుకుని నిలబడమని అతను కసిరాడు. ఇంట్లో తల్లి వజ్రమ్మ కూడా, పెద్దోడు గదా, ఒక్క పూటకు సర్దుకొమ్మంది. శ్రీకళ కంచం ముందు నుంచి లేచిపోయింది.

ఆదివారం టెంటు కింద ఉపేందర్ పండ్ల చెత్తతో గ్యాస్ పెరిగిందని మాట్లాడి, పొయ్యి వెలిగించాడు. నీలం మంట లేచింది. జనం చప్పట్లు కొట్టారు. తనకూ ఇలాంటిదే కావాలని, పండ్ల చెత్త తానూ తెప్పిస్తానని తిరుపతి అనే డెయిరీ యజమాని ముందుకొచ్చాడు.

పులిసిన ట్యాంకులోంచి వచ్చే గ్యాస్ మండదు. శ్రీకళ పొయ్యి కింది రబ్బరు పైపు వెంట చూపు సాగించింది. అది టేబుల్ గుడ్డ కిందుగా టెంటు వెనక్కి పోయింది. అక్కడ ఎండుగడ్డి వాముకు ఆనించి, గోనెసంచి కప్పిన వంటగ్యాస్ సిలిండర్ ఉంది. ఒక్క నిప్పురవ్వ చాలు.

రెగ్యులేటర్ కట్టేసింది. మంట ఆరిపోయింది. పైపు ఊడదీసి, సిలిండర్‌ను అందరి మధ్యకు ఈడ్చుకొచ్చింది.

"ఇప్పటిదాకా మండింది గిది," అంది తిరుపతితో. "ట్యాంకు సచ్చింది. పండ్లు పోసి మా అన్నే దాన్ని సంపిండు. మీరు గట్ల చేయకుండ్రి."

ఉపేందర్ మొహం నల్లబడింది. "ఇంటి ఇజ్జత్ తీసినవ్ గదనే," అన్నాడు పళ్లు బిగించి.

"గడ్డివాము కాడ సిలిండర్ పెట్టినప్పుడే పోయిందది. నీ తప్పు నా మీదేసినప్పుడే పోయింది."

ఆ తర్వాత శ్రీకళ ట్యాంకులో పేడ వేయడం ఆపేసింది. సున్నపు నీళ్లతో పులుపు విరిచింది. హయత్‌నగర్ దగ్గర నడుస్తున్న మరో ట్యాంకు నుంచి ఆ నిదానం జీవులు బతికున్న పేడనీళ్లు డ్రమ్ముల్లో తెచ్చి కలిపింది. ఉపేందర్ అటు తొంగి చూడలేదు. డ్రమ్ములు దించింది ఆమె, అండాలమ్మ, అడగకుండానే వచ్చిన తిరుపతి.

చాలా రోజులు పొయ్యికి అగ్గిపుల్ల పెడితే ఆరిపోయేది. ఒకనాడు అంటుకుంది. అండాలమ్మ ఆ మంట మీద బువ్వ వండింది.

ట్యాంకు బాగైన కబురు తెలిసి వజ్రమ్మ ఫోన్ చేసింది. అన్న మళ్లీ ఫంక్షన్ పెడతాడట, కలిసిపొమ్మంది.

"ముందుగాల అండాలమ్మకు తన నోటితోని నిజం చెప్పమను," అని శ్రీకళ ఫోన్ పెట్టేసింది.

అతను ఇప్పటికీ చెప్పలేదు. ఆమె రోజూ వస్తుంది, ట్యాంకుకు కొలతగా పేడ వేస్తుంది, అన్నతో ఒక్క మాట మాట్లాడకుండా వెళ్లిపోతుంది.