నూట పద్నాలుగో బస్తా

నికాసియా ఖాళీ గోతం భుజాన వేసుకుని విత్తనాల కొట్టుకు వచ్చేసరికి అనక్లేతో అరల దగ్గర బంగాళాదుంపలు తిరగేస్తున్నాడు. ఆమె ఎందుకొచ్చిందో అడగనక్కర్లేదు. ఫిబ్రవరి మంచు ఎవరి పైచేను మాడ్చేసిందో ఊరంతటికీ తెలుసు.

"తాతా, మా అమ్మ బస్తా ఇచ్చెయ్. ఆదివారం నాటాలి."

"కూర్చో."

"కూర్చోడానికి రాలేదు. మా ఆయన కాలితో తొక్కే నాగలి పట్టుకుని అప్పుడే పెళ్లికొడుకులా తయారై ఉన్నాడు."

కొట్టు పెట్టిందే అందుకు. మంచి ఏడాది విత్తనంలో కొంత తెచ్చి దాచుకోవాలి, చెడ్డ ఏడాది వచ్చి పట్టుకుపోవాలి. నికాసియా తల్లి ఇసిదోరా రెండేళ్ల క్రితం తన పైచేని విత్తనం సగం తెచ్చి ఇక్కడ పెట్టింది. పోయిన వానల్లో ఆమె కన్ను మూసింది.

అనక్లేతో కంప్యూటరు పెట్టాడు. కప్పు మీది సోలారు పలకకు ఎండ తగిలిన రోజున అది త్వరగానే లేస్తుంది. ఒంటివేలితో నూట పద్నాలుగు అని కొట్టాడు. ఒక వరస వచ్చింది. ఎవరిది: ఇసిదోరా. ఏ చేను: పైచేను. ఎప్పుడు: జూన్. పక్క గడిలో రకం అన్నచోట ఒకే మాట ఉంది. కలగలుపు.

ఆ మాట కొట్టింది తనే.

మూడేళ్ల క్రితం ఆ కంప్యూటరు పెట్టెను కుస్కో పట్నం నుంచి తెచ్చిన ఇంజనీరమ్మ పేరు యోవానా. దాన్ని చూసుకునేది అనక్లేతో అంటే ఊరి సభలో అందరూ నవ్వారు. మూడో తరగతి చదివినవాడు, రోజుకి పది మాటలు మాట్లాడనివాడు. కానీ అరవై రెండు రకాల దుంపల్నీ కళ్లు మూసుకుని తడిమి చెప్పగలిగినవాడు మరొకడు లేడు. యోవానా మొదట కంప్యూటరు తెరవనేలేదు. నేలమీద దుప్పటి పరిచి, దాని మీద దుంపలు పేర్చి నేర్పింది.

"ఒక సంగతి ఒక్కచోటే రాయాలి తాతా. పదిచోట్ల రాశావనుకో, ఒకచోట దిద్ది తొమ్మిదిచోట్ల మర్చిపోతావు."

అందుకని బస్తాలకు ఒక పట్టిక, రకాలకు ఒక పట్టిక. ఊళ్లో ఇసిదోరాలు ముగ్గురున్నారు కాబట్టి ప్రతి బస్తాకీ ఒక నంబరు. అనక్లేతోకి ఇది నచ్చింది. ఏ చాలులో వేసింది ఆ చాలులోనే ఉంటుంది. బయల్దేరే ముందురోజు ఆమె మూడో పట్టిక గీసింది.

"ఒక బస్తాలో చాలా రకాలుంటాయి. ఒక రకం చాలా బస్తాల్లో ఉంటుంది. ఆ రెండిటినీ ముడేసేది ఇది. ఏ బస్తా, ఏ రకం, ఎన్ని దుంపలు. అంతే."

"ఒక బస్తాకి ఎన్ని వరసలు?"

"ఎన్ని రకాలుంటే అన్ని."

"ముప్పై ఉంటే?"

"ముప్పై రాస్తావు. వేలు అరిగిపోదులే."

మూడు నాలుగు రకాలున్న బస్తాలకు అతను ఆ పట్టిక నింపాడు. ఒక్కో వరసకు అతని వేలికి చాలాసేపు పట్టేది.

ఇసిదోరా వచ్చిన రోజు గుర్తుంది. మోత మోసే లామా వీపు మీంచి బస్తా దింపించి, గడప మీద కూర్చుని మూతి విప్పింది.

"ముప్పై నాలుగు రకాలు. ఒక్కొక్కటే చెబుతా, రాసుకో. ఇది ఎర్రకన్ను, ఆరు. గాలికొచ్చే అంచున వేస్తా. ఇది పూమా గోరు, నాలుగు. ఇదేమో బూడిదపిల్ల, తొమ్మిది, మంచు పడినా చావదు..."

"చాల్లే ఇసిదోరా. ఇవి నాకు తెలియనివా?"

"ఒక్కొక్కటీ తెలుసులే. ఏది ఎంత కలపాలో తెలుసా? నీకు నోరు లేదని అందరికీ తెలుసు, చెవులు కూడా లేవా?"

అతను కలగలుపు అని కొట్టి పెట్టె మూశాడు. ఆమె నవ్వి, బుగ్గన కోకా ఆకు పెట్టుకుని లేచిపోయింది. తర్వాత అతను ఆమె దుంపల్ని ఏ రకాన్ని ఆ రకం అరలో, అందరి దుంపలతో కలిపి వేశాడు. ఒక్కటి కూడా తప్పు వేయలేదు. విత్తనం చావకుండా ఏటా కొట్టుకున్న చేలో ఏ చాలులో నాటాల్సినవి అక్కడే నాటాడు. ఒక్క రకమూ పోలేదు.

"ఉందా లేదా తాతా?"

"అన్నీ ఉన్నాయి." అరలవైపు చెయ్యి చూపించాడు. "మీ అమ్మవి ఇందులో ఏవో, ఎన్నేసో తెలీదు."

నికాసియా మొదట నవ్వింది. అతను ఎప్పుడూ పరిహాసమాడడని గుర్తొచ్చి ఆపేసింది.

"ఏవో ఒకటి నింపుకుపోతే మా పైచేను ఊరుకుంటుందా? ఆ కలపడం అమ్మది, అంతకుముందు వాళ్ల అమ్మది. ఒకటి కుళ్లితే ఒకటి నిలబడేలా కట్టిన బస్తా అది. మళ్లీ నేను మొదట్నించీ కట్టుకోవాలంటే జుట్టు నెరుస్తుంది."

"నీకు గుర్తున్నవి చెప్పు."

"బస్తా అమ్మే కట్టేది. నేను నాటేదాన్ని, తినేదాన్ని."

తిన్న రుచుల్ని బట్టి గుర్తు చేసుకుంది. పిండిలా విడిపోయేది. చేదుగా ఉండి ఎండబెడితే తప్ప గొంతు దిగనిది. పిల్లలు ఎగబడేది. పదకొండు చెప్పింది. అతను మూడో పట్టిక తెరిచి ఒక్కొక్కటే కొట్టాడు. ఇసిదోరా నోట విన్న మూడింట్లో రెండు అప్పటికే ఆ పదకొండులో వచ్చాయి. వాటి పక్కన ఆరు, నాలుగు అని వేశాడు. బూడిదపిల్ల, తొమ్మిది, తను చేర్చాడు. పన్నెండు.

"ఇలా రాయాలని ఆ ఇంజనీరమ్మ నీకు చెప్పలేదా?"

లేదంటే నికాసియా నమ్మేదే. కాదనడానికి ఇంజనీరమ్మ తిరిగి వచ్చేదీ కాదు.

"చెప్పింది. రాయడానికి బద్ధకమేసింది."

ఆమె కాసేపు గోతం అంచు మడిచి విప్పింది.

"అమ్మ ఈ గడప దాకా వచ్చిందాయె. అడిగితే చెప్పేది కదా తాతా."

"చెబుతూనే ఉంది. నేనే చాలన్నాను."

నికాసియా పన్నెండు అరల్లోంచి ఏరుకుంది. లెక్క తెలిసినవి మూడే, మిగతావి చేతికొచ్చినన్ని. గోతం సగం కూడా నిండలేదు. అతను ఎత్తబోతే వద్దని తనే వీపున కట్టుకుని దిగువకు నడిచింది.

అనక్లేతో మళ్లీ పెట్టె ముందు కూర్చున్నాడు. తెలియని ఇరవై రెండు రకాలకూ కనీసం చోటు ఉంచుదామనుకున్నాడు. పదమూడో వరసలో బస్తా అన్నచోట నూట పద్నాలుగు కొట్టాడు. రకం ఖాళీగా వదిలి, దాచమన్నాడు. రకం లేని వరస దాచనంది యంత్రం. యోవానా దాన్ని అలా కట్టి వెళ్లింది.

మళ్లీ కొట్టాడు, నూట పద్నాలుగు. మళ్లీ అదే అంది.