వంటింటి కిటికీ పరదా

ఆ ఇంట్లో వంటింటి కిటికీకి పరదా పడిందంటే లోపల మిలిటరీ ఆయన అంట్లు తోముతున్నాడని అర్థం. ఆ సంగతి ఇంటి గడప దాటలేదు. వీధి లెక్కలో మాత్రం తోమేది ఇల్లాలే.

ఆ ఇల్లాలిని అందరూ టైలరమ్మ అనేవారు. పగలంతా షాపులో మిషను తొక్కి, పట్టేసిన నడుంతో ఇంటికొచ్చేది. కొత్త కాపురంలో ఓ సాయంత్రం, సైన్యం నుంచి సెలవు మీద వచ్చిన మొగుడు చొక్కా చేతులు మడిచి సింకు ముందు నిలబడ్డాడు. అత్తగారు చూసి గుండెలు బాదుకుంది.

"తుపాకీ పట్టిన చేత్తో అంట్లు తోమిస్తావటే? నలుగురూ చూస్తే ఏమనుకుంటారు?"

"తుపాకీ కూడా రోజూ తోమాల్సిందేనమ్మా" అన్నాడాయన.

అత్తగారు నవ్వలేదు. చాన్నాళ్లు కోడలితో మాట మానేసింది, కొడుకుతో మాత్రం మామూలే. టైలరమ్మ షాపులో మిగిలిన నీలం గుడ్డ తెచ్చి, కిటికీకి సరిపడా పరదా కుట్టింది.

తర్వాత అత్తగారు పోయింది, ఆయన రిటైరై ఇంటికొచ్చేశాడు, పరదా మాత్రం అలాగే ఉండిపోయింది. దాని వెనక ఆయనదో రాజ్యం. తోమిన గ్లాసుల్ని ఎత్తు ప్రకారం నిలబెట్టి, "ఏయ్ పొట్టోడా, వరస తప్పావేం?" అని గద్దించేవాడు. టైలరమ్మ స్టూలు మీద కాళ్లు చాపుకుని షాపు కబుర్లన్నీ విప్పేది. ఎవరి నడుం పెరిగిందో, పెరిగిన నడుంని వదిలేసి టేపుని ఎవరు తిట్టారో. పరదా బయట 'ఏవండీ', లోపల 'ఏమోయ్ మిలిటరీ'. ఆయనంత మంచి స్నేహితురాలు ఆవిడకి ఆడవాళ్లలో కూడా దొరకలేదు. చుట్టాలొచ్చి, "నీ చెయ్యి పడితే గిన్నెలు అద్దాలేనమ్మా" అంటే ఆయన వాళ్ల వెనక నిలబడి కన్నుకొట్టేవాడు.

ఆయన పోయాక ఇంట్లోనే సంస్మరణ సభ పెట్టారు. ఫొటో పక్కన పతకం పెట్టారు. మరిది లేచి గొంతు సవరించుకున్నాడు.

"మా అన్నయ్య అసలు సిసలు మగాడు. సరిహద్దులో పులి, ఇంట్లో మహారాజు. తాగిన గ్లాసు తీసి పక్కన పెట్టి ఎరగడు. మా వదిన అలా చూసుకుంది!"

చప్పట్లు మోగాయి. టైలరమ్మకి ఒళ్లు మండింది. ఎవడీ మహారాజు? నేను కట్టుకున్నవాడు వీడు కాదే! పొగిడి పొగిడి నా మనిషిని ఫొటోలోంచి లేపేసి ఇంకెవర్నో కూర్చోబెడుతున్నారు. ఇప్పుడు నేను నోరు మూసుకుంటే గ్లాసులతో పరేడ్ చేయించిన ఆ పిచ్చి మనిషి ఎవరికీ తెలియకుండానే పోతాడు. అయినా ఆయన చేసింది దొంగతనమా, ఇన్నేళ్లూ దాచడానికి?

లేచి నిలబడింది.

"నాయనా, ఈ ఇంట్లో అంట్లన్నీ మీ అన్నయ్యే తోమాడు. నేను కూర్చుని కబుర్లు చెప్పేదాన్ని. మీరంతా మెచ్చుకున్న గిన్నెలు ఆయనవి."

ఆయనతో కలిసి సైన్యంలో పనిచేసిన మీసాలాయన ఉన్నట్టుండి పగలబడి నవ్వాడు. "బారక్‌లో మా పళ్లేలు కూడా లాక్కుని మరీ తోమేవాడమ్మా! మా చేతి తోముడు వాడి కంటికి ఆనేది కాదు!"

ఇల్లంతా నవ్వులు. అందరికంటే గట్టిగా నవ్వింది తోడికోడలు. అసలు మహారాజు ఎవరింట్లో ఉన్నాడో ఆమెకి తెలుసు మరి.

మరిది మొహం కందగడ్డయింది. "సర్లే వదినా, అన్నయ్య గుర్తుగా ఏదైనా ఇవ్వు" అన్నాడు మాట మారుస్తూ, పతకం వైపు చూస్తూ.

"తప్పకుండా ఇస్తాను, ఉండు." టైలరమ్మ కత్తెర తీసుకుని వంటింట్లోకి వెళ్లింది. కాసేపటికి మరిదినీ తోడికోడల్నీ లోపలికి పిలిచింది. సింకు నిండా సభకొచ్చినవాళ్ల కప్పులూ గ్లాసులే. మొగుడు వాడిన పీచు మరిది చేతిలో పెట్టి, తడి తుడుచుకోవడానికి ఓ గుడ్డముక్క అతని భుజాన వేసింది. తోడికోడలికి కుర్చీ లాగి, తను స్టూలెక్కింది.

మరిది వీధిలోకి బెదురుగా చూశాడు. "వదినా, ఈ కిటికీకి పరదా ఉండాలిగా?"

"నీ భుజం మీదే ఉంది నాయనా. కానివ్వు, పొట్టి గ్లాసులు ముందు వరసలో."