గతుకు దగ్గర ఆగే సైకిలు

పిల్లల కేంద్రం గేటు ఎనిమిదిన్నరకి మూసేస్తారు. పోయిన వారం రెండుసార్లు ఆలస్యంగా వెళ్లాను. మూడోసారైతే మా పాప చోటు ఇంకొకరికి ఇచ్చేస్తామని ఆయా చెప్పేసింది. పాపని చూసేవాళ్లు లేకపోతే నా కుట్టుపని కూడా పోయినట్టే. అంతా ఆ కరెంటు సైకిలు వల్లే. గతుకు తగిలితే చాలు, ఠక్కున ఆగిపోతుంది. బ్యాటరీ మీద నాలుగు వేస్తే గానీ కదలదు.

ఆదివారం దాన్ని తళతళా తుడిచి మా ఆడపడుచు దుకాణానికి తీసుకెళ్లాను. సైకిళ్లు బాగుచేస్తుంది కాబట్టి తనని ఇంట్లో అందరం పానా అంటాం.

పానా మీటరు పెట్టి చూసింది. చార్జింగు నిండుగా ఉంది. వైర్లన్నీ కదిపి చూసింది. ఎక్కి వీధి చివరి గుంతల్లో రెండు చుట్లు తిరిగొచ్చింది. ఒక్కసారీ ఆగలేదు.

“దీనికి ఏ రోగమూ లేదొదినా. నువ్వే దాన్ని భయపెడుతున్నావు. పాప తుమ్మితేనే డాక్టరు దగ్గరికి పరిగెత్తే మనిషివి!”

“నవ్వు, నవ్వు. రేపు గేటు మూసేస్తే పాపని తెచ్చి నీ సామాన్ల పెట్టెలో కూర్చోబెడతాను.”

“కూర్చోబెట్టు, మేనత్తకి చేతిసాయం.” నవ్వుతూనే నా వంక చూసింది. “నిజం చెప్పు. ఇక్కడికి తెచ్చే ముందు ఏం చేశావు?”

“తుడిచాను.”

“ఇంకా?”

ఎనిమిదో తరగతిలోనే బడి మానేశాను గానీ, టీచరు ముందు నిలబడ్డ భయం మాత్రం నన్ను మానలేదు.

“బ్యాటరీ కింద పాప పాత లంగోటీ ఉంటే తీసేశాను. నువ్వు నవ్వుతావని.”

“లంగోటీయా!”

“గడగడ చప్పుడుకి పాప నిద్ర లేస్తోందని మడిచి పెట్టానే.”

పానా కడుపు పట్టుకుని కూలబడింది. “రోగాన్ని ఇంట్లో దాచిపెట్టి రోగిని నా దగ్గరికి తెచ్చావు కదే తల్లీ!”

బ్యాటరీ ఊడదీసి చూపించింది. “ఈ పిన్నులు అడుగుదాకా దిగాలి. నీ మడత పైకెత్తేసరికి కొసలే ఆనుతున్నాయి. గతుకొస్తే వదిలేస్తున్నాయి. చూడు, ఎలా నల్లబడ్డాయో.”

గరుకు కాగితంతో పిన్నులు రుద్ది, చప్పుడు రాకుండా పక్కలకి సన్నటి రబ్బరు అతికించి, టక్కుమనేదాకా బ్యాటరీని దించింది.

“మీ అన్నయ్యకి చెప్పవుగా?”

“ఒట్టు. సాయంత్రందాకా చెప్పను.”

మర్నాడు నమ్మకం కుదరక ఏడింటికే బయల్దేరాను. సైకిలు ఎక్కడా ఆగలేదు. ఆయా గేటు లోపల చీపురు పట్టుకుని నిలబడి ఉంది.

“ఆలస్యమైతే మూస్తామన్నాం గానీ, తెల్లారకముందే తీస్తామన్లేదు కదమ్మా!” అంటూనే గడియ తీసింది.