కదలని కారు

కారు కదలకపోయినా పెట్రోలు అయిపోతోంది. మామగారు రోజూ పొద్దున్నే కిందికి దిగి, బ్యాటరీ చచ్చిపోకుండా ఇంజన్ ఆన్ చేసి పావుగంట అందులో కూర్చుంటారు. అయినా అది మళ్లీ పడుకుంది.

"నిలబెట్టి ఆన్ చేస్తే సరిగ్గా చార్జ్ అవదు బాబాయ్. దూరం తిప్పాలి," అన్నాడు మెకానిక్.

"ఎక్కడికని తిప్పను? కోడలు బస్సెక్కుతుంది, మనవరాలు సైకిలెక్కుతుంది."

"అందుకే అమ్మేద్దామంటున్నాను మామయ్యగారూ," అంది కోడలు.

ఆయన భార్యకు మోకాళ్ల నొప్పులు. ఎక్కువ దూరం నడవలేదు, బస్సు మెట్టు ఎక్కలేదు. నెలకు రెండుసార్లు పక్క వీధిలోని ఆస్పత్రికి ఆమెను తీసుకెళ్లేది ఈ కారే.

ఒకప్పుడు ఆ భవనంలో ఇంటికో కారు ఉండేది. ఇప్పుడు కింద సగం జాగా సైకిళ్లదే. పై అంతస్తు నర్సు కూడా తన కారు పోయినేడు అమ్మేసింది. రోగుల ఇళ్లకు టాక్సీలో తిరుగుతోంది. ఆమె మెట్లు దిగుతూ ఆగింది.

"నాకివ్వండి అంకుల్. ఊరవతల ఇళ్లన్నీ తిరిగొస్తాను, పెట్రోలు నాది. ఆంటీ ఆస్పత్రి రోజు మాత్రం మీది."

"ఇంకొకరి చేతిలో పడితే గేర్లు అరిగిపోతాయమ్మా."

"మీ చేతిలో సీటు అరిగింది, చాలు," అంది భార్య కిటికీలోంచి.

మెకానిక్ బండి స్టార్ట్ చేశాక మామగారు తాళం ఇచ్చారు.

ఆస్పత్రి రోజున తాళం తిప్పగానే ఇంజన్ అందుకుంది. నర్సు సీటు ముందుకు జరిపినట్టుంది, ఆయన మోకాళ్లు స్టీరింగుకు తగిలాయి. ఆయన గొణిగారు.

"వెనక్కి జరుపుకోండి," అంది భార్య బెల్టు పెట్టుకుంటూ. "మనం వచ్చాక ఆ అమ్మాయి బయల్దేరాలి."